అందరూ తినగలిగే కేకు

ఓవెన్ ముందు పీట వేసుకుని కూర్చున్న పళ్ళక్క, కేకు మాడిపోతే బావుండునని మనసారా కోరుకుంది. మాడితే ఈ నెలకి పీడా వదులుతుంది. కానీ ఆ కేకు మాడే రకం కాదు. మాడడానికైనా అందులో ఏదో ఒకటి ఉండాలి కదా! వెన్న లేదు, పంచదార లేదు, పప్పులు లేవు. ఉన్నదల్లా పిండి, గుడ్లు, ఆపిల్ గుజ్జు, ఆవిడ ఓపిక. ఆ చివరిది కూడా ఈమధ్య అడుగంటింది.

పళ్ళక్క అంటే పళ్ళమ్మే మనిషి కాదు. కట్టుడు పళ్ళు చేసే మనిషి. జనం పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తారు, నోరు తెరుస్తారు, కొన్నాళ్ళకి కొత్త పళ్ళు పెట్టుకుని నవ్వుతారు. ఆ పళ్ళు డాక్టరే చేశాడనుకుంటారు. డాక్టరు చేసేదల్లా నోట్లో ముద్ద పెట్టి అచ్చు తీయడం. ఆ అచ్చు వెనక గదిలోకి వస్తుంది. అక్కడ పళ్ళక్క అందులో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ పొదిగి, ఉడకబెట్టి, అరగదీసి, మెరుగు పెడుతుంది. పొద్దుటినుంచీ మోటారు రొద, ప్లాస్టరు దుమ్ము. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా తెల్లటి పొడే. ఇంటికొచ్చి అవే చేతులతో పిండి కలుపుతూ ఉంటే, తాను పనిలోంచి ఇంటికి వచ్చిందో రాలేదో ఆవిడకే అనుమానంగా ఉంటుంది.

ఆ వారం మరీ ఘోరం. ఒకావిడ తన కొత్త పళ్ళ సెట్టు తిప్పి పంపేసింది. కొరకడానికి బాగానే ఉందట, మాట కూడా స్పష్టంగానే వస్తోందట. కాకపోతే నవ్వితే అచ్చం వాళ్ళ అత్తగారిలా కనిపిస్తోందట. "కొంచెం చూడమ్మా" అని డాక్టరు చల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ అత్తగారు ఎలా ఉంటుందో పళ్ళక్కకేం తెలుసు? ముందు పళ్ళు కాస్త లోపలికి నెట్టింది. అప్పుడు ఆడపడుచులా ఉన్నానంది. శుక్రవారం దాకా ఆ కుటుంబంతోనే సరిపోయింది.

"ఈసారికి మానెయ్యరాదూ?" అన్నాడు మొగుడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. వారమంతా లిఫ్టుల గోతుల్లో నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేస్తే, శనివారం మధ్యాహ్నం బకెట్లో వేడినీళ్ళు పోసుకుని అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. ఆ బకెట్టు దగ్గరినుంచే ఇంట్లో విషయాలన్నిటిమీదా తీర్పులిస్తాడు.

"మానేస్తే ఎలా? వాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు."

"దేనికోసం? దీనికోసమా?" తడి కాలు పైకెత్తి బొటనవేలితో ఓవెన్ వైపు చూపించాడు. "కిందటి నెల మిగిలిన ముక్క నేను తిన్నాను. తిన్నాక కూడా తిన్నట్టు అనిపించలేదు."

"నీ నోరు చచ్చిపోయింది."

"నా నోరా, నీ కేకా?"

పళ్ళక్క మళ్ళీ ఓవెన్ వైపు తిరిగింది. ఆయన అన్నది నిజమని ఆవిడకీ తెలుసు. ఆ కేకు ఎలా ఉంటుందో చేసే మనిషికి తెలియదా? కానీ మానేయడం ఆవిడ చేతుల్లో లేదు. ఆవిడ అలాగే అనుకుంటోంది, చాలాకాలంగా.

ఒకప్పుడు వీళ్ళందరూ ఒకే మేడలో అద్దెకుండేవారు. పళ్ళక్క వాళ్ళు పై అంతస్తు. కింద బస్సు డ్రైవరు. ఆయన గొంతు విప్పితే మేడ మెట్లన్నీ మారుమోగేవి కాబట్టి అందరూ ఆయన్ని హారన్ అనేవారు, ఆయన ముందే అనేవారు, ఆయనకి అది బిరుదులా ఉండేది. ఆ పక్క వాటాలో టీచరమ్మ. పెళ్ళి చేసుకోలేదు, లెక్కలు చెప్పేది, లెక్కల్లాగే మాట్లాడేది. వీధి వైపు గదిలో టైలరు. పళ్ళ మధ్య దారం కరిచిపట్టుకుని కుట్టే అలవాటువల్లో ఏమో, మాట బయటికి వచ్చేది కాదు. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో అందరికీ తెలిసేది. ఎవరికి జ్వరమొచ్చినా మిగతా ముగ్గురూ తలుపు కొట్టేవారు.

ఒకరోజు మేడ కూలగొడతామన్నారు. తలో దిక్కూ ఇళ్ళు చూసుకున్నారు. ఖాళీ చేసే ముందు రోజు డాబా మీద పళ్ళక్క కేకు పెట్టింది. అది కేకంటే కేకు. పంచదారా వెన్నా తెల్లగా నురగ వచ్చేదాకా చేత్తో గిలక్కొట్టింది. బాదం, జీడిపప్పు వేయించి, తరిగి, గుప్పిళ్ళతో పోసింది. ఓవెన్ తలుపు తీస్తే వాసన మెట్లమీదుగా వీధిలోకి దిగిపోయింది. సగం సామాన్లు కట్టేసిన ఇళ్ళలోంచి అందరూ పైకి వచ్చేశారు. హారన్ రెండో ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, చుట్టుపక్కల మేడలకి కూడా వినిపించేలా అన్నాడు: "ఈ కేకు కోసమైనా మనం నెలకోసారి కలవాలర్రా!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట పళ్ళక్క మనసులో మేకులా దిగిపోయింది.

అప్పటినుంచి నెల మొదటి శనివారం సాయంత్రం ఒక హోటల్లో కలుస్తారు. భోజనం హోటలుది, ఆఖర్న తీపి పళ్ళక్కది. బయటి తిండి లోపలికి తెస్తామంటే మొదట్లో హోటలాయన మొహం ముడుచుకున్నాడు. హారన్ ఆయనతో తన మామూలు గొంతుతోనే మాట్లాడాడు. మిగతా బల్లలవాళ్ళు అందరూ వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

తర్వాత కేకుకి కష్టాలు మొదలయ్యాయి. ముందు టైలరు బస్సు మెట్టు జారి పడి పళ్ళు రాలగొట్టుకున్నాడు. పప్పులు కొరకలేనన్నాడు. పప్పులు పోయాయి. ఆ తర్వాత హారన్‌కి ఛాతీలో పట్టేసినట్టయింది. డాక్టరు వెన్న మానమన్నాడు. వెన్న పోయింది. ఆ పై టీచరమ్మ రక్తంలో చక్కెర బయటపడింది. పంచదారా పోయింది. ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి విడివిడిగా చేయడానికి పళ్ళక్కకి మనసొప్పలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఒకే కేకు తినాలి. అలా తీసేస్తూ తీసేస్తూ పోతే, అందరూ తినగలిగే కేకు ఒకటి తయారైంది. ప్రతి నెలా అదే కేకు. ప్రతి నెలా "అద్భుతం!" అని అందరూ అనేవారు. ప్రతి నెలా రెండో ముక్క కూడా అడిగేవారు.

ఈ కేకు కోసమైనా, అని కదా అన్నారు. కేకు లేకపోతే ఇంకేముంది? తలో దిక్కునున్న నలుగురు ఎందుకు బస్సులెక్కి రావాలి? పళ్ళక్కకి ఉన్నది ఆ ఒక్క సాయంత్రమే. మిగతా నెలంతా ఎవరివో చిగుళ్ళు, మొగుడి బకెట్టు. ఆ బల్ల విడిపోతే తనని పేరుకైనా పలకరించే మనిషి ఉండడని ఆవిడకి లోపల భయం. అందుకే ఒళ్ళు హూనమైనా పిండి కలుపుతోంది.

ఓవెన్ గంట కొట్టింది. కేకు ఎప్పటిలాగే బయటికొచ్చింది, లేత పసుపురంగులో, ఏ పాపమూ ఎరగనట్టు. డబ్బాలో పెట్టి, గుడ్డ చుట్టి, చీర మార్చుకుని బయల్దేరింది.

"ఎదురుచూస్తున్నారుగా, త్వరగా వెళ్ళు" అన్నాడు మొగుడు బకెట్టులోంచి.

హోటలుకి రెండు వీధుల ఇవతల బస్సు దిగాలి. దిగిన చోటే ఒక పేస్ట్రీల దుకాణం ఉంది. పెద్ద అద్దం, అద్దం వెనక పొడుగాటి బల్ల, ఎత్తు కుర్చీలు. పళ్ళక్క ఎప్పుడూ తలొంచుకుని దాని ముందునుంచి వెళ్ళిపోతుంది. ఆ రోజు డబ్బా బరువుకి చెయ్యి లాగి, మార్చుకుందామని ఆగింది. తలెత్తింది.

అద్దం వెనక టీచరమ్మ కూర్చుని ఉంది.

ఆవిడ ముందు ప్లేటు ఉంది. ప్లేటులో చాక్లెట్టు, దానిమీద మీగడ, ఆ మీగడ మీద మళ్ళీ చాక్లెట్టు. టీచరమ్మ చెంచాతో కొంచెం కొంచెంగా తింటూ, మధ్యమధ్య కళ్ళు మూసుకుంటోంది. లెక్కలు తప్పు చేసిన పిల్లలని గడగడలాడించిన ఆ మొహంలో అంత సుఖం పళ్ళక్క ఎప్పుడూ చూడలేదు. పైపెదవి మీద మీగడ మీసంలా అంటుకుంది. దాన్ని నాలుకతో నెమ్మదిగా తీసుకుంది.

పళ్ళక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరికోసం పంచదార మానేసింది తను? ఎవరికోసం ఆపిల్ పళ్ళు ఉడకబెట్టి, తొక్కలు తీసి, జల్లెడలో రుద్ది, చేతులు నొప్పి పుట్టేదాకా గుజ్జు చేస్తోంది? లోపలికి వెళ్ళి డబ్బా ఆవిడ నెత్తిన బోర్లించాలనిపించింది. వెళ్ళలేదు. పళ్ళు నూరుకుంటూ నడిచింది. సొంత పళ్ళు, అరిగిపోతే కొత్తవి తానే చేసుకోగలదు.

హోటల్లో అడుగుపెట్టగానే మామూలుగా ఆవిడకి సగం అలసట తీరిపోతుంది. ఆ తెల్లటి దుప్పటి పరిచిన బల్ల, మడిచి నిలబెట్టిన రుమాళ్ళు, గోడవారగా మెత్తటి వీపున్న బెంచీ. వెయిటరు వచ్చి "ఏం తింటారమ్మా?" అని అడుగుతాడు. నెలంతటిలో ఆవిడని ఆ మాట అడిగేది ఆయనొక్కడే. పొగలు కక్కే ప్లేటు ముందుకి వస్తుంది. దాన్ని ఆవిడ తరగలేదు, వేయించలేదు, కడగక్కర్లేదు. ఉప్పు తక్కువైతే ఇంకొకళ్ళ తప్పు. బయట తినడంలో ఉన్న గొప్ప సుఖం రుచిలో లేదని, ఆ తప్పు మనది కాకపోవడంలో ఉందని పళ్ళక్క అభిప్రాయం. తలుపు పక్కనే గాజు బీరువా ఒకటుంది. అందులో హోటలువాళ్ళ తీపి వంటకాలు దీపం వెలుతుర్లో ఉంటాయి. ఇన్నేళ్ళలో వాటిలో ఒక్కటి కూడా ఆవిడ రుచి చూడలేదు. చూడ్డానికి వీల్లేకుండా ఆవిడ చేతిలో ఎప్పుడూ తన కేకు డబ్బా ఉండేది.

ఆ రోజు సూపు వచ్చింది, చేప వేపుడు వచ్చింది, ఏదీ గొంతు దిగలేదు. హారన్ ఎప్పటిలాగే తన బస్సు బ్రేకులు ఫెయిలైన కథ చెబుతున్నాడు. ఆ బస్సు ప్రతి నెలా ఇంకాస్త ఏటవాలు రోడ్డు మీద దిగుతుంది. టైలరు తల ఊపుతున్నాడు. టీచరమ్మ కాస్త ఆలస్యంగా వచ్చి, పెదవులు శుభ్రంగా తుడుచుకుని, "నాకు సూపు చాలు, ఆకలి లేదు" అంది.

"ఎందుకుంటుంది?" అంది పళ్ళక్క.

"ఏమన్నావమ్మా?"

"ఏం లేదు. కేకు తెస్తాను."

వెయిటరు అలవాటుగా నాలుగు చిన్న ప్లేట్లు, చాకు పెట్టి వెళ్ళాడు. పళ్ళక్క డబ్బా విప్పి కోసింది. హారన్‌కి మామూలు ముక్క. టైలరుకి మామూలు ముక్క. టీచరమ్మకి మాత్రం ఇటుకంత.

"అద్భుతం!" అన్నాడు హారన్, ఇంకా నోట్లో పెట్టుకోకుండానే.

టీచరమ్మ తన ప్లేటుకేసి చూసింది. గుటక మింగింది. చెంచా తీసుకుంది. పళ్ళక్క తనది ముట్టుకోకుండా, చేతులు కట్టుకుని ఆవిడనే చూస్తూ కూర్చుంది. టీచరమ్మ తిన్నది. నమిలి నమిలి, నీళ్ళు తాగి, మళ్ళీ నమిలి, ఆ ఇటుకని పూర్తి చేసింది. నుదుటిమీద చెమట పట్టింది.

"ఇంకో ముక్క వేసుకోండి" అంది పళ్ళక్క.

"అబ్బే..."

"మీకోసమే కదండీ పంచదార లేకుండా చేసింది. మొహమాటపడకండి." ఇంకో ఇటుక పడింది.

టీచరమ్మ సగం దాకా వచ్చింది. అక్కడ చెంచా ఆగింది. ఆవిడ పళ్ళక్కకేసి చూసింది, పళ్ళక్క ఆవిడకేసి చూసింది. ఆ చూపుల్లో ఏం కనిపించిందో, టీచరమ్మ చెంచా కింద పెట్టేసి, "చూశావా?" అంది మెల్లగా.

"చూశాను. అద్దంలోంచి. మీసంతో సహా."

హారన్ ఇద్దరివైపూ మార్చి మార్చి చూశాడు. "ఏమైందర్రా? ఎవరి మీసం?"

"పేస్ట్రీ తిన్నానయ్యా" అంది టీచరమ్మ. "ఇక్కడికొచ్చే ముందు ఆ దుకాణంలో. ప్రతి నెలా తింటాను. చక్కెర ఎప్పుడో అదుపులోకి వచ్చింది. అప్పుడప్పుడూ ఒకటి తింటే ఫర్వాలేదని డాక్టరు చెప్పి కూడా చాలా రోజులైంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అంది పళ్ళక్క. "నేను ఆపిల్ పళ్ళు రుద్దుకుంటూ చస్తున్నానే!"

"ఎలా చెప్పనమ్మా? నువ్వంత ఇష్టంగా చేసుకొస్తున్నావు. పైగా ఈయన గుండె ఒకటుంది కదా. వెన్న లేని కేకులో పంచదార ఒక్కటీ పడితే ఏం బాగుంటుంది? ఎలాగూ ఈయన కోసం చేస్తున్నావు, మధ్యలో నా గొడవెందుకని ఊరుకున్నాను. ముందు ఒకటి తిని వస్తే, ఇక్కడ నవ్వుమొహం పెట్టడానికి కాస్త బలం ఉంటుంది."

పళ్ళక్క హారన్‌కేసి తిరిగింది. ఆయన హఠాత్తుగా బల్ల మీద దుప్పటి సర్దడంలో మునిగిపోయాడు. అంత పెద్ద గొంతున్న మనిషి నీళ్ళు నమలడం ఆవిడ మొదటిసారి చూసింది.

"అన్నయ్యా?"

"అదీ... చెల్లెమ్మా... పాత డాక్టరు మారిపోయాడు. కొత్తాయన చూసి, అది గుండె కాదు, గ్యాసు అన్నాడు."

"ఎప్పుడు?"

"అయింది కొన్నాళ్ళు" అన్నాడు హారన్, పైకప్పు చూస్తూ. "నేను రోజూ పొద్దున్న రొట్టెకి వెన్న రాసుకునే తింటున్నాను. కానీ టీచరమ్మకి పంచదార పడదాయె, టైలరుకి పళ్ళు లేవాయె, వాళ్ళ మధ్య నాకు మాత్రం వెన్న కావాలని అడగడం పద్ధతి కాదనుకున్నాను. వాళ్ళు పాపం ఎంతో ఇష్టంగా తింటున్నారు కదా అని నేనూ తిన్నాను."

"నేనా? ఇష్టంగానా?" అంది టీచరమ్మ. "మీరు రెండో ముక్క అడుగుతుంటే చూసి, మీకిష్టమేమోనని నేనూ అడిగేదాన్ని!"

"మీరు అడుగుతున్నారని కదా నేను అడిగింది!"

ఇక మిగిలింది టైలరు. ముగ్గురూ అతనికేసి చూశారు. అతను పాపం ఎవరినీ ఎదిరించే మనిషి కాదు. జేబులో చెయ్యి పెట్టి, ఒక కాగితం పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. వేయించిన బాదం పప్పులు. ఒకటి నోట్లో వేసుకుని, అందరికీ వినిపించేలా పటుక్కున కొరికాడు.

"కుట్టుకుంటూ రోజంతా ఇవే తింటానక్కా" అన్నాడు. "మీకు తెలుసు కదా. ఈ పళ్ళు మీరు చేసినవే. పెట్టిన రోజు మీరే నా చేతికి బాదం పప్పు ఇచ్చి, కొరికి చూడు తమ్ముడూ అన్నారు. కొరికాను. మీరు చప్పట్లు కూడా కొట్టారు."

పళ్ళక్క పొట్లంలోని పప్పులకేసి చూసింది. నిజమే. ఆ వెనక గదిలో, మోటారు ఆపి, అతను పప్పు కొరికితే ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ మర్నాటి నుంచే కేకులో పప్పులు వేయొచ్చు. వేయలేదు. మరిచిపోయిందా? మరిచిపోలేదు. ఆ నెల కేకు చేసేటప్పుడు పప్పుల డబ్బా చేతిలోకి తీసుకుంది కూడా. వేయించాలి, చల్లార్చాలి, తరగాలి. మళ్ళీ అలమరలో పెట్టేసింది. ఇంతసేపూ టీచరమ్మ మీద ఎగసిన కోపం గాలి తీసిన టైరులా దిగిపోయింది.

"తరగడానికి ఓపిక లేకపోయింది" అంది చివరికి.

ఆ మాట అన్నాక ఆవిడకి ఇక ఆగాలనిపించలేదు.

"నాకు అసలు ఓపిక లేదు. ఈ నెలా లేదు, కిందటి నెలా లేదు. పొద్దుటినుంచి ఎవరివో పళ్ళు అరగదీసి అరగదీసి, ఇంటికొచ్చి నిలబడలేక పీట వేసుకుని కూర్చుని చేస్తున్నాను దీన్ని. ఇవాళ ఇది మాడిపోవాలని మొక్కుకున్నాను. ఇది బాగుండదని నాకు తెలియదా? మా ఆయన కూడా అన్నాడు. అయినా తెస్తున్నాను. ఎందుకంటే..." రుమాలు విప్పి, మళ్ళీ మడిచింది. "ఈ కేకు కోసమైనా కలుద్దామన్నారు కదా ఆ రోజు. ఇది తేకపోతే మీరు రారేమోనని."

టీచరమ్మ చెయ్యి చాచి పళ్ళక్క చెయ్యి పట్టుకుంది. టైలరు పొట్లం ఆవిడవైపు జరిపాడు, అతనికి చేతనైన ఓదార్పు అది. హారన్ మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆయనకి విషయం మెట్లెక్కి వచ్చేసరికి కాస్త టైము పట్టింది.

"కేకు కోసమా?" అన్నాడు. ఆ గొంతుకి పక్క బల్లమీద గ్లాసులు కదిలాయి. "చెల్లెమ్మా! కేకు కోసం ఎవడొస్తాడు? ఇన్నాళ్ళూ ఆ కేకు ఉన్నా కూడా వస్తున్నాం!"

హోటల్లో అందరూ వెనక్కి తిరిగి చూశారు. వంటగది తలుపులోంచి ఎవరో తల బయట పెట్టారు. టీచరమ్మ "ఛీ, ఏం మాటలవి" అని కసురుకోబోయి, మధ్యలో నవ్వేసింది. టైలరు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, నవ్వుకి సెట్టు జారుతుందేమోనని. అది జారదని పళ్ళక్కకి తెలుసు. ఆవిడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూనే ఇంకా నవ్వింది. లోపల ఎన్నాళ్ళుగానో దిగి ఉన్న మేకు కదిలింది. అది ఊడి వచ్చేటప్పుడు ఎంత నొప్పిగా ఉందో అంత హాయిగానూ ఉంది.

"ఇది ఏం చేద్దాం?" అన్నాడు హారన్, మిగిలిన కేకుని చాకు మొనతో పొడుస్తూ. "మీ ఆయనకి తీసుకెళ్తావా?"

"ఆయనేం పాపం చేశాడు?" అంది టీచరమ్మ.

డబ్బాకి మూత పెట్టేశారు. హారన్ వెయిటరుని పిలిచాడు. ఆ గాజు బీరువాలో ఏముందని అడిగాడు. వెయిటరు ఆశ్చర్యపోయి, ఇన్నేళ్ళకి ఈ బల్లవాళ్ళు అడిగారు కదా అని కాబోలు, ఒక్కొక్కదాని గురించీ కథలా చెప్పడం మొదలుపెట్టాడు. చివరికి వేడివేడి చాక్లెట్ పుడ్డింగు, పెద్ద గిన్నెలో, నాలుగు చెంచాలతో తెమ్మన్నారు. పక్కన మీగడ విడిగా.

అది వచ్చాక ఎవరూ ముట్టుకోలేదు. "ముందు నువ్వు" అన్నారు ముగ్గురూ.

పళ్ళక్క చెంచా ముంచింది. పైన పల్చటి పెచ్చు విరిగి, లోపలినుంచి ఆవిరి వచ్చింది. నోట్లో పెట్టుకుంది. వెన్న. వెన్న రుచి ఇలా ఉంటుందన్న సంగతే మరిచిపోయింది. తర్వాత పంచదార, ఆ తర్వాత చాక్లెట్టు చేదు, మళ్ళీ వెన్న. పాత మేడ డాబా మీద గాలి, కట్టేసిన సామాన్లు, హారన్ కళ్ళనీళ్ళు అన్నీ గుర్తొచ్చాయి. దీన్ని ఎవరో చేశారు. ఆ మనిషి కూడా ఇప్పుడు వంటింట్లో నడుము పట్టుకుని నిలబడి ఉండొచ్చు. ఆ మనిషికి మనసులోనే దండం పెట్టుకుంది. గిన్నె మాత్రం తాను కడగక్కర్లేదు.

ఇంకో చెంచా తిన్నది. ఇంకొకటి. తర్వాత బెంచీ వీపుకి జారబడింది. మెత్తగా ఉంది. చేతిలో చెంచా అలాగే ఉంది. కళ్ళు మూసుకుంటే, రుచి చూస్తోందనుకున్నారు వాళ్ళు.

"అప్పుడేమైందంటే, మలుపు దగ్గర బ్రేకు తొక్కితే..." హారన్ మొదలుపెట్టాడు.

"ష్!" అంది టీచరమ్మ.

"ఏమైంది?"

"చూడండి."

చెంచాల చప్పుడు మెత్తబడింది. పళ్ళక్క పూర్తిగా నిద్రపోలేదు. ఒడ్డుకీ నీళ్ళకీ మధ్య ఉన్నట్టుంది. ఎవరో తన చేతిలోంచి చెంచా మెల్లగా తీసి పక్కన పెట్టారు, వేళ్ళకి సూది గుచ్చుకున్న గరుకు ఉంది కాబట్టి టైలరే అయుండాలి. వెయిటరు ప్లేట్లు తీయడానికి వచ్చిన అడుగుల చప్పుడు వినపడింది.

అప్పుడు ఒక గొంతు వినిపించింది. బొంగురుగా, గాలి ఎక్కువగా, మాట తక్కువగా, వాడక తుప్పుపట్టినట్టుంది. ఎవరిదో ఆవిడకి వెంటనే తెలియలేదు.

"తర్వాత తీద్దువుగాని బాబూ. నిద్రపోతోంది." తర్వాత ఇంకా తగ్గి, "ఆ మూల కొంచెం మిగల్చండి, లేచాక తింటుంది."

హారన్. ఆ మనిషికి గొంతు తగ్గించడం వచ్చని ఆ మేడలో ఎవరికీ తెలియదు.

"వచ్చే నెల ఇక్కడేనా?" అన్నాడు అదే గొంతుతో. "ఇంకెక్కడైనా చూద్దామా?"

"ఎక్కడైతేనేం" అంది టీచరమ్మ. "మొదటి శనివారమే కదా."

"అక్క లేచాక అక్కనే అడుగుదాం" అన్నాడు టైలరు.

పళ్ళక్క విన్నది. కళ్ళు తెరిచి ఎక్కడికి వెళ్దామో చెప్పొచ్చు. చెప్పలేదు. ఇంకాసేపు అలాగే పడుకుంది.